లెక్క ఎవరి కోసం?
సూర్యాపేటలో ఒక సాఫ్ట్‌వేర్ సదస్సు కలిగించిన ఆలోచనలు

దివ్య ఖుర్ఆన్‌లోని ఆయత్‌లన్నింటిలోకీ దీర్ఘమైనది అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్. అది ప్రస్తావించే విషయం అప్పు వ్రాసుకోవడం. గడువు పెట్టుకొని అప్పు ఇచ్చిపుచ్చుకొనేవారు దానిని వ్రాసుకోవాలనీ, లేఖకుడు న్యాయంగా వ్రాయాలనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందరాదనీ, సాక్షులను ఉంచుకోవాలనీ అందులో ఆదేశాలున్నాయి. వాటితోపాటు మన దృష్టికి అంతగా రాని ఆదేశం మరొకటి ఉంది. వ్రాయించవలసినవాడు అప్పు తీసుకున్నవాడు. కలం లేఖకుని చేతిలో ఉన్నా మాట బాకీదారునిదే. అతడు వ్రాయించలేని స్థితిలో ఉంటే అతని సంరక్షకుడు న్యాయంగా వ్రాయించాలి.

ఇటీవల సూర్యాపేటలో జరిగిన ఒక వ్యాపార సాఫ్ట్‌వేర్ పరిచయ సదస్సుకు హాజరైనప్పుడు ఈ ఆయత్ మాకు పదే పదే జ్ఞాపకం వచ్చింది. మా పాఠకులలో చిరువ్యాపారులు, వారి కుటుంబాలవారు, దుకాణాలలో లెక్కలు వ్రాసి జీవించే యువతీయువకులు ఎందరో ఉన్నారు. వారి దైనందిన జీవితంలోకి ఈ కొత్త పనిముట్టు ఎలా ప్రవేశిస్తున్నదో ప్రత్యక్షంగా చూడాలన్నది మా ఉద్దేశం. అక్కడ చూసినవీ, విన్నవీ, వాటిపై మాకు తోచినవీ ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మూడు పట్టణాలు, మూడు రకాల వ్యాపారం

సదస్సు సూర్యాపేటలోనే జరిగినా వచ్చినవారిలో కోదాడ, మిర్యాలగూడ వర్తకులు కూడా గణనీయంగా కనిపించారు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వచ్చాయి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే మిగిలింది. జిల్లాలు వేరైనా వ్యాపార బంధం తెగలేదు. సూర్యాపేటకు వ్యవసాయ మార్కెట్ ప్రాణం. కోదాడ హైదరాబాదు–విజయవాడ రహదారిపై ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు ఆనుకొని ఉన్న ఊరు. మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో పండే ధాన్యంపై ఆధారపడిన రైసు మిల్లుల పట్టణం.

ఈ తేడా వారు అడిగిన ప్రశ్నలలోనూ కనిపించింది. కోదాడ నుండి వచ్చిన కిరాణా టోకు వ్యాపారికి సరిహద్దు సమస్య. ఆయన సూర్యాపేటలోని దుకాణానికి సరుకు అమ్మితే కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలు రెండూ వ్రాయాలి. అదే సరుకును పక్కనే ఉన్న జగ్గయ్యపేటకు అమ్మితే అది మరో రాష్ట్రం; ఐజీఎస్టీ వ్రాయాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ–వే బిల్లు కూడా తీయాలి. మిర్యాలగూడ మిల్లు గుమాస్తాకు బియ్యం బస్తాల సమస్య. 2022 జులై 18 నుండి ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు బియ్యంపై 5 శాతం పన్ను వచ్చింది. మన ఇళ్ళకు 26 కిలోల బస్తాలు రావడం వెనుక ఉన్న కథ ఇదే. సూర్యాపేట మందుల దుకాణదారు 2025 సెప్టెంబరు 22న పన్ను రేట్లు మారిన నాటి నుండి పాత నిల్వకు, కొత్త నిల్వకు ధరలు సరిచూసుకోలేక సతమతమవుతున్నానన్నారు.

వేదికపై ఉన్న యువకుడు ఒక్కొక్కరికీ ఓపికగా తెరపై చూపించాడు. కొనుగోలుదారుని రాష్ట్రం పేరు ఒకసారి నమోదు చేస్తే ఏ పన్ను వర్తిస్తుందో సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది. రేటు మారిన తేదీని నమోదు చేస్తే అంతకు ముందరి బిల్లులు చెదరకుండా ఉంటాయి. "అన్నా, మీరు సరుకు చూసుకోండి, లెక్క ఇది చూసుకుంటుంది" అన్నాడతడు. సభలో చాలామంది తలలూపారు. లెక్కను యంత్రానికి అప్పగిస్తే మన బాధ్యత తీరిపోతుందా అన్న సందేహం మాత్రం మాలో అప్పుడే మొదలయింది.

చిట్టా నుండి తెరకు

మన ప్రాంతంలో వర్తకులు తరతరాలుగా చిట్టా, ఆవర్జా అనే రెండు పుస్తకాలు వ్రాసేవారు. ఏ రోజు లావాదేవీలు ఆ రోజు చిట్టాకెక్కేవి. వాటిని మనిషి వారీగా, పద్దు వారీగా విడదీసి ఆవర్జాలో వ్రాసేవారు. నేటి సాఫ్ట్‌వేరు చేసేది కూడా సారాంశంలో అదే. ఒకసారి చిట్టాలో వ్రాస్తే ఆవర్జా దానంతట అదే తయారవుతుంది.

ఈ రంగంలో మన దేశమంతటా తెలిసిన పేరు ట్యాలీ. దాని పుట్టుక కూడా ఒక కుటుంబం కథే. బెంగళూరులో వ్యాపారం చేస్తున్న శ్యామ్ సుందర్ గోయెంకాకు తన లెక్కలకు సరిపడే ప్రోగ్రాం దొరకలేదు. గణితం చదివిన కుమారుడు భరత్ గోయెంకా తండ్రి కోసం తానే ఒకటి వ్రాశారు. 1986లో అలా సంస్థ ఆరంభమయింది. 2020లో భరత్ గోయెంకాకు పద్మశ్రీ లభించింది.

ఇంకా వెనక్కి వెళితే బాగ్దాదు కనిపిస్తుంది. కంప్యూటరు పనిచేసే క్రమాన్ని నేడు లోకమంతా అల్గారిథమ్ అంటున్నది. ఆ మాట 9వ శతాబ్దపు గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి పుట్టింది. ఆయన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం వారసత్వ పంపకాలకు, వీలునామాలకు సంబంధించిన లెక్కలే. వ్యాపారం, భూమి కొలతలు కూడా అందులో ఉన్నాయి. ఎవరి హక్కు వారికి సరిగా చేరడమే ఆ లెక్కల ప్రయోజనం.

మన బిల్లులో ఇతరుల హక్కు

సదస్సులో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన అంశం జీఎస్టీ రిటర్నులలో ఇమిడి ఉన్న పరస్పర బాధ్యత. 2017 జులై 1న ఈ పన్ను విధానం వచ్చినప్పటి నుండి దానిని ప్రభుత్వానికీ వ్యాపారికీ మధ్య వ్యవహారంగానే చాలామంది భావిస్తున్నారు. వాస్తవానికి అందులో మూడో వ్యక్తి ఉన్నాడు. నెలవారీ రిటర్ను వేసే వ్యాపారి ఈ నెల అమ్మకాల బిల్లులను వచ్చే నెల 11వ తేదీలోగా నమోదు చేయాలి. వాటి ఆధారంగా 14వ తేదీన కొనుగోలుదారునికి ఒక పట్టిక తయారవుతుంది. 2022 జనవరి 1 నుండి ఆ పట్టికలో కనిపించని బిల్లుపై కొనుగోలుదారు తాను చెల్లించిన పన్నును తిరిగి జమ చేసుకోలేడు.

అంటే సూర్యాపేట టోకు వ్యాపారి తన బిల్లును నమోదు చేయడంలో అలసత్వం చూపితే, నష్టం ముందుగా తగిలేది అతని వద్ద సరుకు కొన్న కోదాడ చిన్న దుకాణదారుకు. అతడు పన్నుతో సహా పైకం చెల్లించి ఉంటాడు. అయినా 20వ తేదీన రిటర్ను వేసేటప్పుడు ఆ మేరకు మళ్ళీ తన జేబులోంచే కట్టవలసి వస్తుంది. పెద్ద వ్యాపారికి అది ఒక వారం ఆలస్యం. చిన్న వ్యాపారికి ఆ నెల దుకాణం అద్దె. సాటి మనిషి సొమ్మును అన్యాయంగా ఉంచుకోవడం పాపమని ఎరిగిన మనం, మన నిర్లక్ష్యం వల్ల అతని సొమ్ము ఇరుక్కుపోవడాన్ని కూడా ఆ దృష్టితోనే చూడాలి.

చెరిపివేయరాని లెక్క

వేదికపై మరో సౌకర్యాన్ని వివరించారు. ఒకసారి వ్రాసిన పద్దును తరువాత మార్చితే ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో, అంతకుముందు ఏముండేదో సాఫ్ట్‌వేరు భద్రపరుస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలు ఇటువంటి జాడను నమోదు చేసే, దానిని ఆపివేయడానికి వీలులేని సాఫ్ట్‌వేర్‌నే వాడాలని కంపెనీల చట్టం కింది నియమాలు నిర్దేశిస్తున్నాయి. సొంత దుకాణాలకు, భాగస్వామ్య వ్యాపారాలకు ఈ నియమం వర్తించదు.

ఈ మాట చెప్పగానే మా పక్కనున్న ఒక పెద్దాయన నవ్వి, "మనకు అక్కర్లేదు కదా, బతికిపోయాం" అన్నారు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. పొరపాటు వ్రాసి దిద్దుకోవడం ప్రతి దుకాణంలోనూ ఉన్నదే. అయితే విశ్వాసి విషయంలో దిద్దుబాటు జాడ చట్టంతో మొదలవదు. మనిషి కుడి ఎడమల కూర్చొని అతని కర్మలను వ్రాసే దైవదూతలను గురించి ఖాఫ్ సూరా చెబుతున్నది. ఆ గ్రంథంలో దిద్దుబాటుకు దారి పశ్చాత్తాపం. ఇతరుల హక్కుకు సంబంధించినదైతే ఆ హక్కును తిరిగి చెల్లించడం. భాగస్వామ్య వ్యాపారం చేసే సోదరులు చట్టం అడగకపోయినా ఈ సౌకర్యాన్ని వాడుకోవడం మేలని మా అభిప్రాయం. అన్నదమ్ముల మధ్య అనుమానం సాధారణంగా దిద్దిన అంకె దగ్గరే మొలుస్తుంది.

ధాన్యపు రాశి, తరుగు గడి

విరామ సమయంలో మిర్యాలగూడ గుమాస్తాతో కొంతసేపు మాట్లాడాము. కోతల కాలంలో మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరుతాయి. కాటా వేసి, తేమ చూసి, తరుగు తీసి, హమాలీ ఖర్చు తగ్గించి రైతుకు పైకం లెక్కగడతారు. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి 17 శాతం వరకు తేమను అనుమతిస్తారు. ప్రైవేటు కొనుగోలులో బేరం అక్కడికక్కడే తేలుతుంది. సాఫ్ట్‌వేరులో తరుగుకు ఒక గడి, హమాలీకి ఒక గడి వేరువేరుగా పెట్టుకోవచ్చునని ఆయనే చెప్పారు.

"మరి రైతుకు ఇచ్చే కాగితంలో ఆ గడులన్నీ వస్తాయా?" అని మేము అడిగాము.

"పెడితే వస్తాయి సార్. మొత్తం ఒక్కటే కనబడేటట్టు కూడా పెట్టొచ్చు. యజమాని ఎట్ల చెప్తే అట్ల" అన్నారాయన.

ఈ సమాధానం సదస్సు సారాంశంగా మాకు తోచింది. యంత్రం తనంతట తానుగా ఏదీ దాచదు, ఏదీ చూపదు. చూపాలా వద్దా అన్న నిర్ణయం దుకాణదారునిదే. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశి వద్ద ఆగి లోపలికి చేయి పెట్టగా అడుగున తడి తగిలిందనీ, వాన వల్ల తడిసిందని అమ్మేవాడు చెప్పినప్పుడు, ప్రజలకు కనిపించేలా దానిని పైన ఎందుకు ఉంచలేదని మందలించారనీ సహీహ్ ముస్లిం హదీసు గ్రంథం తెలుపుతున్నది. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని కూడా ఆయన హెచ్చరించారు. నాడు ఆ ఆదేశం తడిసిన గింజను పైకి తెమ్మన్నది. నేడు ధాన్యం కొనేవారికి అదే ఆదేశం తరుగును బిల్లు పైకి తెమ్మంటున్నది. మార్కెట్ యార్డులో కమీషన్ వ్యాపారి ఇచ్చే తక్‌పట్టీకీ ఇదే వర్తిస్తుంది. ఎన్ని కిలోలు తూగాయి, ఎంత తీశారు, ఎందుకు తీశారు అన్నవి రైతు తన ఇంటికి తీసుకువెళ్ళే కాగితంలో ఉండాలి. ఇంటివద్ద చదువుకున్న కూతురో కొడుకో దానిని చూసి సరిపోయిందని చెప్పగలగాలి.

వడ్డీ, గడువు

గడువు దాటిన బాకీలపై వడ్డీని స్వయంగా లెక్కగట్టే సౌకర్యాన్ని చూపినప్పుడు సభలో ఆసక్తి పెరిగింది. ముప్ఫై రోజులు, అరవై రోజులు, తొంభై రోజులు దాటిన బాకీదారుల జాబితా ఒక్క మీట నొక్కగానే తెరపైకి వచ్చింది. ఒక ముస్లిం వ్యాపారి లేచి, "భాయ్, ఆ వడ్డీ గడిని తీసేసి జాబితా ఒక్కటే ఉంచుకోవచ్చా?" అని అడిగారు. ఉంచుకోవచ్చునని జవాబు వచ్చింది. వడ్డీ లెక్క మనం కోరితేనే పనిచేస్తుంది, కోరకపోతే పనిచేయదు.

ఆ జాబితాను మన సోదరులు మరో విధంగా చదవాలని మా మనవి. అల్ బఖరా సూరా 280వ ఆయత్ ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు వెసులుబాటు కలిగేదాకా గడువు ఇమ్మంటున్నది; మాఫీ చేస్తే అది మరింత శ్రేయస్కరమంటున్నది. తొంభై రోజుల జాబితాలో పేరున్న వ్యక్తి స్తోమత ఉండి ఎగవేస్తున్నాడా, లేక పంట పోయి, ఇంట్లో జబ్బు వచ్చి ఆగిపోయాడా అన్నది యంత్రానికి తెలియదు. మన వీధిలో ఉద్దెర తీసుకున్న మనిషి పరిస్థితి మనకు తెలుసు. ఎవరిని అడగాలో, ఎవరికి గడువివ్వాలో తేల్చుకోవడానికి ఆ జాబితా పనికివస్తుంది.

జకాత్ లెక్కకు ఒక సాయం

వ్యాపారులకు ఈ సాఫ్ట్‌వేర్ల వల్ల కలిగే మేలు ఒకటి సదస్సులో ప్రస్తావనకు రాలేదు. నిర్ణీత తేదీన దుకాణంలో ఎంత సరుకుంది, చేతిలో ఎంత నగదుంది, రావలసినదెంత, ఇవ్వవలసినదెంత అన్నవి అవి క్షణంలో చూపగలవు. జకాత్ లెక్కకు కావలసిన అంకెలు ఇవే. అయితే రెండు జాగ్రత్తలు అవసరం.

మొదటిది సంవత్సరం. సాఫ్ట్‌వేరు సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. జకాత్ చాంద్రమాన సంవత్సరాన్ని అనుసరిస్తుంది. అది సుమారు 354 రోజులు. సౌరమాన సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ. ఎవరైనా ప్రతి మార్చి 31న 2.5 శాతం చొప్పున జకాత్ తీస్తూ పోతే సుమారు 33 ఏళ్ళలో ఒక ఏడాది జకాత్ లెక్కలోకి రాకుండా పోతుంది. కనుక ఒక హిజ్రీ తేదీని నిర్ణయించుకొని, ఆ రోజున వచ్చే ఇంగ్లీషు తేదీని ఏటా సరిచూసుకొని, ఆ తేదీ నాటి లెక్క తీసుకోవాలి.

రెండవది సరుకు విలువ. సాఫ్ట్‌వేరు సాధారణంగా నిల్వకు కొన్న ధర కట్టి చూపుతుంది. జకాత్‌కు మాత్రం ఆ రోజు మార్కెట్ ధరను తీసుకోవాలన్నది అధిక సంఖ్యాక ధర్మవేత్తల అభిప్రాయం. వసూలవుతుందో లేదో తెలియని బాకీల విషయంలో దగ్గరి ఆలిములను సంప్రదించడం ఉత్తమం.

ఇంటివారికి తెలియని లెక్క

మధ్యాహ్నం తరువాత ప్రశ్నలకు సమయం ఇచ్చినప్పుడు కోదాడ నుండి వచ్చిన ఒక యువతి మాట్లాడింది. తండ్రి మరణించాక కిరాణా దుకాణాన్ని తల్లీ తానూ నడుపుతున్నామని చెప్పింది. "నాన్నకు ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఆయనకు నోటికి వచ్చు. పుస్తకంలో సగమే ఉంది. ఇవ్వాల్సినవాళ్ళలో కొందరు వచ్చి ఇచ్చారు, కొందరు రాలేదు. మేము ఎవరికి ఇవ్వాలో మాత్రం మాకు తెల్వదు. ఎవరైనా వచ్చి అడిగితే ఏం చూసి ఇవ్వాలి సార్?" అని అడిగింది. వేదికపై ఉన్నవారు పాస్‌వర్డు గురించి, డేటా నకలు గురించి చెప్పారు. ఆమె అడిగిన ప్రశ్న దానికన్నా లోతైనది. సభ కొద్దిసేపు నిశ్శబ్దమయింది.

అన్నిసా సూరా 11, 12 ఆయత్‌లు వారసుల వాటాలను నిర్ణయిస్తూనే, మృతుని అప్పులు తీర్చి, అతని వీలునామాను నెరవేర్చిన తరువాతే పంపకమని మాటిమాటికీ చెబుతున్నాయి. అప్పు మిగిల్చి మరణించిన ఒక వ్యక్తి జనాజా నమాజుకు దైవప్రవక్త (స) తాను నిలబడక సహచరులను చేయమన్నారనీ, అబూ ఖతాదా (రజి) ఆ అప్పుకు తాను బాధ్యత వహిస్తానన్న తరువాతే ఆయన నమాజు చేయించారనీ బుఖారీ గ్రంథంలో ఉంది. అప్పు తీర్చాలన్న ఉద్దేశం వారసులకు ఉన్నంత మాత్రాన చాలదు. ఎవరికి, ఎంత అన్నది వారికి తెలియాలి. యజమాని తలలోనే ఉన్న లెక్క ఆయనతోపాటే వెళ్ళిపోతుంది. ఇంట్లో ఎవరికీ తెలియని పాస్‌వర్డు వెనుక ఉన్న లెక్కకూ అదే గతి.

పాఠకులకు మా మనవి

ఈ సదస్సు నుండి మేము గ్రహించిన విషయం ఒక్కటే. మన పద్దు మన కోసమే కాదు. అందులో ఎవరి పేరు వ్రాస్తున్నామో వారి హక్కు కూడా అందులో ఉంది. కంప్యూటరు వల్ల పన్ను అధికారికి లెక్క కనిపిస్తున్నది, బ్యాంకుకు కనిపిస్తున్నది, యజమానికి కనిపిస్తున్నది. ఉద్దెర తీసుకున్న కూలీకి, ధాన్యం పోసిన రైతుకు, ఇంట్లో ఉన్న భార్యకు అది ఇంకా కనిపించడం లేదు. బాకీదారు నోట వ్రాయించమన్న ఆయత్‌ను నమ్మే మన దుకాణాలలో ఈ లోపం ఉండరాదు.

అందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. నెలాఖరున ప్రతి ఖాతాదారుకు అతని లెక్కను వాట్సాప్‌లో పంపించండి. వీలైతే తెలుగులో పంపండి. చదవలేనివారికి దుకాణంలోనే, మరొకరి సమక్షంలో, చదివి వినిపించి ఒప్పుదల తీసుకోండి. ఇతరులు మీ వద్ద దాచుకొన్న అమానతు సొమ్మును, మస్జిదు నిధులను దుకాణం నగదులో కలపకుండా వేరే పద్దు తెరవండి. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలలపాటు భద్రపరచాలని చట్టం చెబుతున్నది; ఆ డేటా నకలును దుకాణం బయట మరోచోట ఉంచండి. భార్యకో, పెద్ద కూతురికో, కుమారునికో నెలకొకసారి ఆ తెర ముందు కూర్చోబెట్టి, మనకు రావలసినవి ఇవి, మనం ఇవ్వవలసినవి ఇవి అని చూపించండి. ఇవ్వవలసినవే ముందు చూపించండి.

సాఫ్ట్‌వేరు కొనే స్తోమత లేనివారు బెంగపడనవసరం లేదు. వంద పేజీల నోటు పుస్తకంలోనూ ఈ పనులన్నీ చేయవచ్చు. మన వ్యాపారాలలో శుభాన్ని, మన లెక్కలలో సత్యాన్ని, ఇతరుల హక్కులు తీర్చి వెళ్ళే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.